ఆత్మరక్షణ పాఠాలు - 3: ఏ క్లాసులో చేరాలి, చేరేలోపు ఏం చేయాలి

పోయిన పాఠంలో ఇచ్చిన హోంవర్క్ చేశారా? తెలియనివాళ్లు మరీ దగ్గరికి వచ్చి మాట్లాడబోతే రెండు చేతులూ ఛాతీ ఎత్తులో, అరచేతులు బయటికి పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి "అక్కడే ఉండి చెప్పండి" అనడం. అద్దం ముందు చేసినవాళ్లు చాలామందే ఉంటారు. బస్టాండులో చేసినవాళ్లు తక్కువే అనుకుంటా. సిగ్గేస్తుంది, నాకు తెలుసు. అయినా మానకండి. ముందు ముందు ఎన్ని పట్లు నేర్చుకున్నా ఎక్కువసార్లు అక్కరకొచ్చేవి ఆ దూరం, ఆ గొంతే.

ఇవాళ రెండు పనులున్నాయి. ఏ క్లాసులో చేరాలో తేల్చుకోవడం ఒకటి. చేరేలోపు ఇంట్లోనే మొదలుపెట్టదగ్గ విద్య ఇంకొకటి, అదే పడటం. నవ్వకండి, చదవండి.

పేరు చూసి చేరొద్దు

కరాటే మంచిదా, బాక్సింగ్ మంచిదా, ఇజ్రాయెల్ సైన్యంలో పుట్టిన ఆత్మరక్షణ పద్ధతి క్రావ్ మగా మంచిదా అని అందరూ అడుగుతారు. దానికి జవాబు చెప్పేముందు నా సంగతి చెప్తాను.

పదకొండో ఏట మా ఊరి స్కూలు గ్రౌండులో కరాటేలో చేరాను. మూడు నెలలకోసారి గ్రేడింగ్, దానికో ఫీజు, కొత్త రంగు బెల్టు. ఏడేళ్లకి నల్ల బెల్టు వచ్చింది. వార్షికోత్సవాల్లో పెంకులు పగలగొడితే చప్పట్లు కూడా పడ్డాయి. తర్వాత ఉద్యోగానికి హైదరాబాదు వచ్చి, ఊరికే చూద్దామని ఒక జూడో క్లాసుకి వెళ్లాను. డిగ్రీ చదివే బక్కపల్చటి అబ్బాయి ఎదురొచ్చి నా కాలరు పట్టుకున్నాడు. నేను నేర్చుకున్న విడిపింపు వేశాను. వాడు వదల్లేదు. ఇలా చేస్తే అవతలివాడు వదిలేయాలి కదా అని ఆలోచిస్తుండగానే నా వీపు మ్యాటుకి తగిలింది. మా క్లాసులో అందరం వదిలేసేవాళ్లం. మాస్టారు చెప్పింది అదే మరి: ఒకడు పట్టుకోవాలి, రెండోవాడు విడిపించుకోవాలి, మొదటివాడు వదలాలి. ఏడేళ్లపాటు నాకు ఒక్కడూ ఎదురు తిరగలేదు.

తప్పు కరాటేది కాదు. క్యోకుషిన్ లాంటి కరాటే పద్ధతుల్లో ఒంటిమీద నిజంగానే కొట్టుకుంటారు, అలాంటి క్లాసులో ఏడేళ్లున్నవాడి జోలికి నేను వెళ్లను. తప్పల్లా మేం సాధన చేసిన తీరులో ఉంది.

ఈ తేడాని నూట నలభై ఏళ్ల కిందటే గట్టిగా పట్టుకున్నవాడు జూడోని పుట్టించిన జిగోరో కానో. 1882లో టోక్యోలో ఒక గుడిలో పన్నెండు చాపలు పట్టే చోట కోడోకాన్ అనే తన జూడో బడి మొదలుపెట్టాడు. అప్పటికాయనకి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. జపాన్ పాత పోరాట విద్య జుజుత్సులో ఉన్న ప్రమాదకరమైన దెబ్బల్ని నెమ్మదిగా చేసే వరసల్లోకి నెట్టేసి, పూర్తి బలంతో చేసినా అవతలివాడు మర్నాడు మళ్లీ క్లాసుకి రాగలిగే విసుర్లు, పట్లు మాత్రం పోటీ సాధనకి ఉంచాడు. ఆ సాధన పేరు రందోరి. ఇద్దరూ గెలవాలనే చూస్తారు, ఎవరూ ఎవరికీ సహకరించరు. ప్రాణాంతకమైనవి పక్కనపెడితే విద్య చప్పబడిపోవాలి కదా అనిపిస్తుంది. కానీ కంట్లో పొడిచే పోటు గాల్లో ఎన్నిసార్లు చేస్తే మాత్రం ఏం లాభం, మనిషి తల ఎలా తిప్పుకుంటాడో మీకెప్పటికీ తెలియదు. మామూలు విసురైనా రోజూ వదలని మనిషి మీద చేస్తే ఎక్కడ జారుతుందో, ఎక్కడ కుదురుతుందో ఒంటికి తెలుస్తుంది.

మన కబడ్డీ కూడా ఇదే. చిన్నప్పుడు కబడ్డీ బాగా ఆడినవాళ్లకి మొదటిరోజు నుంచే పట్టు విడిపించుకోవడంలో ఒక తెగువ ఉంటుంది. కాలు పట్టుకున్నవాడు మర్యాదగా వదిలేస్తాడని వాళ్లెప్పుడూ అనుకోలేదు కాబట్టి.

అందుకే బోర్డు మీద ఏం రాసుందో వదిలేసి, ఒకరోజు క్లాసుకి వెళ్లి చివరి అరగంట గోడపక్కన కూర్చుని చూడండి. మొదటి అరగంట ఎక్కడైనా ఒకలాగే ఉంటుంది, పరుగులు, గుంజీళ్లు, వరసలు. చివర్లో ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి, ఎవరు ఏం చేస్తారో ముందే చెప్పుకోకుండా తలపడుతున్నారా? మౌత్ గార్డులు కనిపిస్తున్నాయా? కొత్తగా వచ్చిన అమ్మాయితో పాతవాళ్లు బలం తగ్గించి ఆడుతున్నారా, లేక వాయించేస్తున్నారా? ఒకరు ఇక చాలని చేత్తో తట్టగానే రెండోవాళ్లు ఆ క్షణంలోనే వదిలేస్తున్నారా? ఈ చివరిది ఒక్కటి లేకపోయినా లేచి వచ్చేయండి. అక్కడ విద్య కంటే ముందు గాయాలు వస్తాయి.

మాస్టారుని అడగాల్సిన మాట ఒకటుంది. మణికట్టు విడిపించుకోవడం దాదాపు అన్ని క్లాసుల్లోనూ చూపిస్తారు. పట్టులో బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య సందు ఉంటుంది, చెయ్యి అటువైపు తిప్పి లాగాలి. సూత్రం సరైనదే. అది చూపించాక మీరు వినయంగా "సార్, నేను గట్టిగా పట్టుకుని లాగుతూ ఉంటే ఎలాగో చూపిస్తారా?" అనండి. మంచి మాస్టారు నవ్వి, "పట్టు" అంటారు. ఒకసారి కుదరకపోతే కుదరలేదని ఒప్పుకుని, అప్పుడు అడుగు ఎటు కదపాలో, రెండో చెయ్యి ఎలా కలపాలో చూపిస్తారు. "ఇవి చాలా డేంజర్, నిజంగా చేస్తే నీ చెయ్యి విరిగిపోతుంది" అని తప్పించుకుంటే మీరు ఆ నెల ఫీజు మిగుల్చుకున్నట్టే.

కత్తి విషయంలో ఇంకా జాగ్రత్త. రబ్బరు కత్తి తీసుకుని ఒకే ఒక్క పోటు పొడిచి, చెయ్యి అక్కడే గాల్లో ఉంచే భాగస్వామి మీద ఎవరైనా హీరోనే. ఇంట్లోనే ఈ పరీక్ష చేసి చూడండి. పాత తెల్ల బనియను వేసుకోండి, కళ్లద్దాలు పెట్టుకోండి. తమ్ముడి చేతికి స్కెచ్ పెన్ను ఇచ్చి "ఎలా వీలైతే అలా గియ్యి, పది సెకన్లు" అనండి. తర్వాత బనియను విప్పి గీతలు లెక్కపెట్టుకోండి. ఆ లెక్క చూశాక కత్తి ఉన్నవాడికి పర్సు విసిరేసి రెండోవైపుకి పరిగెత్తడం పిరికితనంగా అనిపించదు.

ఇంకో మాట, బరువు గురించి. "టెక్నిక్ ఉంటే బరువుతో పనిలేదు" అని బ్రోషర్లలో రాస్తారు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో, 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో బాక్సింగ్ ప్రపంచ చాంపియన్ అయ్యారు. ప్రపంచంలో అంత నైపుణ్యం ఉన్నవాళ్లకే బరువు చూసి జోడీలు కడుతున్నారంటే బరువు ఎంత లెక్కలోకి వస్తుందో చూసుకోండి. రోడ్డుమీద ఎదురయ్యేవాడు బరువు తూచుకుని రాడు. కాబట్టి మన గురి వాడిని ఓడించడం మీద కాకుండా, మూడు నాలుగు సెకన్లు సంపాదించి బయటపడటం మీద ఉండాలి. చట్టం కూడా దీనితోనే సరిపోతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. రక్షణకి ఎంత అవసరమో అంతకు మించి హాని చేసే హక్కు లేదని అందులో స్పష్టంగా ఉంది. వాడు కిందపడ్డాక, ఇక లేచి వచ్చే పరిస్థితి లేదని తెలిశాక కూడా తన్నుతూ ఉంటే కేసు మీ మీదికి తిరుగుతుంది. పడ్డవాడిని తొక్కడం ఉత్సాహంగా నేర్పే క్లాసుని ఈ కారణంతోనూ దూరం పెట్టండి.

ప్రతి విద్యకీ ఒక గుడ్డిచోటు

ఏ ఆట నియమాలు ఆ ఆటగాడి ఒంట్లో అలవాటుగా దిగుతాయి. ఒలింపిక్ తైక్వాండోలో ముఖం మీద పిడికిలితో కొట్టకూడదు, అందుకే చాలామంది చేతులు కిందికి వేలాడేసి నిలబడతారు. కాళ్లు మాత్రం అద్భుతం. బాక్సర్ చేతులు, తల కదలిక చూడముచ్చటగా ఉంటాయి, కానీ పట్టుకుంటే విడదీయడానికి రిఫరీ వస్తాడని అతని ఒంటికి అలవాటు. 1993 నవంబరులో డెన్వర్‌లో జరిగిన, రకరకాల విద్యలవాళ్లు ఒకరితో ఒకరు తలపడే యూఎఫ్‌సీ మొదటి పోటీలో ఇది అందరికీ కనిపించింది. ఒక చేతికే గ్లవ్ వేసుకొచ్చిన ఆర్ట్ జిమ్మర్సన్ అనే బాక్సర్‌ని బ్రెజిలియన్ జుజుత్సు ఆటగాడు రాయ్‌స్ గ్రేసీ కిందపడేసి మీద కూర్చున్నాడు. పెద్ద దెబ్బేమీ తగలకుండానే జిమ్మర్సన్ ఓటమి ఒప్పుకున్నాడు. కింద ఏం చేయాలో తెలియకపోవడమే అక్కడ దెబ్బ. గ్రేసీ ఆ రాత్రి ముగ్గుర్ని ఓడించాడు. అయితే జాలీ కట్టిన ఆ బరిలోకి జిమ్మర్సన్ స్నేహితులు ఇద్దరు రాళ్లు పట్టుకుని రాలేదు, కింద కంకర లేదు. కాబట్టి జుజుత్సు నేర్చుకున్నవాళ్లు కూడా రోడ్డుమీద కావాలని కిందికి దిగకూడదు.

నా సలహా ఇది. ఇంటికి అరగంట దూరంలో, పైన చెప్పిన పరీక్ష నెగ్గిన క్లాసు ఏదైనా సరే, వారానికి రెండురోజుల చొప్పున ఆరునెలలు వెళ్లండి. రెండు క్లాసులు నెగ్గితే ఒకటి నిలబడి కొట్టేది, ఒకటి పట్టుకునేది చూసుకోండి. బాక్సింగో కిక్ బాక్సింగో ఒకటి, జూడోనో కుస్తీనో జుజుత్సునో రెండోది. ముందు ఏదంటే, అమ్మాయిలకి పట్టుకునే విద్యే ముందు అంటాను. వాళ్ల మీద జరిగే దాడుల్లో చెయ్యి పట్టుకోవడం, లాగడం, కింద అదిమిపెట్టడం ఎక్కువ కాబట్టి. క్రావ్ మగా పేరుతో నడిచేవాటిలో చాలా మంచివీ ఉన్నాయి, రెండు వారాల్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టేవీ ఉన్నాయి, చూసి చేరండి.

కర్రసాము సంగతి అడిగేవాళ్లకి ఒక ముక్క. నాకది ప్రాణం. దూరం అంచనా వేయడం, అడుగుల లయ దానంత బాగా నేర్పేవి తక్కువ. కానీ కర్ర పట్టుకుని మెట్రో ఎక్కలేం. ఉట్టిచేతుల విద్య ఒకటి పక్కన ఉంచుకుని దాన్ని నేర్చుకోండి.

ఇప్పుడు పడదాం

కొట్టుకునే అవసరం జీవితంలో ఒకసారి వస్తుందేమో, రాకపోవచ్చు కూడా. తడి బాత్రూములో, వానలో బైకు మీద, మెట్ల దగ్గర పడటం మాత్రం అందరికీ వస్తుంది. జూడోలో మొదట నేర్పేదీ ఇదే, పేరు ఉకెమి. మెడ, నడుము, మోకాళ్ల సమస్యలున్నవాళ్లు, గర్భిణులు, ఎముకలు గుల్లబారాయని డాక్టరు చెప్పినవాళ్లు ఈ భాగం చదివి వదిలేయండి.

నేలమీద మందపాటి బొంత రెండు మడతలు వేసి పరవండి. చుట్టూ మంచం కోడు, టీపాయి లేకుండా చూసుకోండి.

మొదటి మూడురోజులు పడుకునే చేయాలి. వెల్లకిలా పడుకుని గడ్డం ఛాతీకి ఆనించండి, చూపు మీ నడుము దగ్గరుండాలి. తల బొంతకి తగలకూడదు. రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు నేలవైపు తిప్పి, ఒంటికి ఇరుపక్కలా కాస్త ఎడంగా ఒకేసారి నేలని చరచండి. భుజాల వరసకి పోనివ్వకండి, పక్కటెముకలకి అతుక్కోనూ వద్దు. అరచెయ్యి నుంచి మోచేతి దాకా మొత్తం ఒకేసారి తగలాలి. చరిచేటప్పుడు "హా" అని ఊపిరి వదలండి. ఇరవైసార్లు చేస్తే చాలు. మర్నాడు మెడ ముందుభాగం నొప్పి పెడితే సరిగ్గా చేశారన్నమాట.

నాలుగోరోజు గొంతుక్కూర్చోండి, బావి దగ్గర అంట్లు తోమేటప్పుడు కూర్చున్నట్టు. చేతులు ముందుకి చాపి, గడ్డం దించి, మడమలకి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా పిర్రలు నేలకి ఆనించి వెనక్కి దొర్లండి. వీపు రోకలిలా నిటారుగా ఉండకూడదు, పడవ అడుగులా గుండ్రంగా ఉండాలి. నడుం పైభాగం నేలకి తగిలే క్షణంలో చేతులు చరచాలి.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది, నేనూ చేశాను. పడుతున్నామని తెలియగానే చెయ్యి తనంతట తనే వెనక్కి వెళ్లి నేలని ఆపబోతుంది. ఒంటి బరువంతా ఆ మణికట్టు మీద పడుతుంది, కట్టు కట్టించుకునేది అక్కడే. దీనికి మందు చిన్నదే. దొర్లేముందు రెండు చేతుల్లో ఒక రుమాలు చెరో కొస పట్టుకోండి. చరచడం మానేసి, రుమాలు ఛాతీ ముందే ఉంచి పదిసార్లు దొర్లండి. వెనక్కి పోదామన్నా చేతులకి దారి ఉండదు. అలవాటయ్యాక రుమాలు తీసేయండి.

నిలబడి పడటం మాత్రం ఇంట్లో వద్దు. అది మ్యాటు మీద, మాస్టారు పక్కనుండగా చేయాలి.

వచ్చే పాఠం దాకా రోజూ పది నిమిషాలు ఇదే. ఈలోగా రెండు క్లాసులు చూసి రండి, చివరి అరగంటలో ఏం కనిపించిందో నాలుగు లైన్లు రాసుకోండి. బొంత మడిచి అటక మీద పెట్టేయకండి. మీదొకడు నిలబడి ఉండగా, వాడికి తల అందకుండా కిందనుంచి లేవడం నాలుగో పాఠంలో దానిమీదే చేస్తాం.