ముందు చెట్టు, తర్వాత బోర్డు

బొటానికల్ గార్డెన్‌కి వెళ్లినవాళ్లు ముందు బోర్డు చదివి, చెట్టు వంక ఓసారి చూసి పక్కదానికి నడుస్తారు. నేనూ అలాగే తిరిగేదాన్ని. గంటలో నలభై బోర్డులు చదివినా ఇంటికొచ్చేసరికి ఒక్క చెట్టూ గుర్తుండేది కాదు. దేశవాళీ మొక్కల తోటైతే మరీ కష్టం, అన్నీ ఎక్కడో చూసినట్టే ఉంటాయి. ఇప్పుడు పూటకి ఐదారు చెట్లే చూస్తాను.

మొదట బెరడు. నల్లమద్ది, తెల్లమద్ది దగ్గర్లోనే ఉంటే మీ అదృష్టం. నల్లమద్ది మాను అచ్చం మొసలి వీపు, గళ్లుగళ్లుగా పగిలి ఉంటుంది. తెల్లమద్దిది పాలిపోయి, నున్నగా, పొరలు ఊడుతూ ఉంటుంది. కాయలు చూస్తే మాత్రం రెండింటికీ రెక్కలే, అన్నదమ్ములని అక్కడ దొరికిపోతాయి.

ఆకు చూసేటప్పుడు కాడ వెంటే వెళ్లి అది ఏ కొమ్మదో తేల్చుకోండి. ఒకసారి నల్లమద్ది ఆకు అని ఫొటో తీసి అందరికీ పంపాను. తీరా అది దానిమీదికి పాకిన తిప్పతీగది!

ఇక బోర్డు. మోదుగ శాస్త్రీయ నామం బ్యుటియా మోనోస్పెర్మా. కింద రాలిన ఎండు కాయ తీసి మొదటినుంచి చివరిదాకా నొక్కుకుంటూ పోండి. అంతా పలచగా, ఖాళీగా ఉండి కొసన ఒక్క గింజ తగులుతుంది. మోనోస్పెర్మా అంటే అదే, ఒంటిగింజది. ఆ పేరు ఇక బట్టీ పట్టక్కర్లేదు. పేరు తర్వాత ఉండే పొడి అక్షరాలు పేరు పెట్టినవాళ్లవి. ఎర్రచందనం దగ్గర ‘ఎల్.ఎఫ్.’ అని ఉంటే అది మొక్కలకి ఇలా రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన శాస్త్రవేత్త లినేయస్ కాదు, ఆయన కొడుకు.

అన్నట్టు, ఎర్రచందనం శ్రీగంధానికి చుట్టం కాదు, చిక్కుడు కుటుంబానిది. సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శ్రీగంధమేమో పక్క మొక్కల వేళ్లనుంచి కొంత పీల్చుకుని బతుకుతుంది. దాని మొదట్లో ఇంకో మొక్క కనిపిస్తే కలుపు తీయలేదనుకోకండి.

బోర్డు మూల నంబరుంటే రాసుకోండి. చాలా తోటల్లో మొదటి నాలుగు అంకెలు ఆ మొక్క రికార్డుకెక్కిన సంవత్సరం. ఆ నంబరు చెప్పి అడిగితే గింజ ఏ అడవినుంచి వచ్చిందో రిజిస్టరు చూసి చెప్పే వీలుంటుంది.

ఎండలు ముదిరేముందు వెళ్తే చాలా చెట్లు మోడుల్లా ఉంటాయి. నీళ్లు పోయట్లేదని తోటమాలిని తిట్టుకోకండి, అవి ఆకు రాల్చే జాతులు. మోదుగ పూసేదీ అప్పుడే. వానలు పడ్డాక మళ్లీ అవే చెట్ల దగ్గరికి వెళ్లండి. నొక్కి చూసిన కాయ మాత్రం జేబులో వేసుకోకండి, నారుకోసం గింజలు ఏరుకునేవాళ్లు వెనకే వస్తుంటారు.