డ్రైవర్ కోడ్‌ను కుదించాక తలెత్తే చిక్కులు: సమస్య - పరిష్కారం

లినక్స్ డ్రైవర్లలో ప్రోబ్ ఫంక్షన్ (డివైస్ దొరికినప్పుడు డ్రైవర్‌ను సిద్ధం చేసేది) చివర, విఫలమైతే తీసుకున్నవి వదిలే గోటూ లేబుళ్లు మెట్లలా పేరుకుపోతాయి. వాటిని తీసేయడానికి ఉన్న ప్రధాన సాధనం డెవ్‌ఎమ్ ఫంక్షన్లు. 2007లో 2.6.21 కెర్నెల్‌తో వచ్చాయి. ప్రోబ్ విఫలమైనా, డివైస్ నుంచి డ్రైవర్ విడిపోయినా, తీసుకున్న వనరులన్నింటినీ కెర్నెలే చివరిది ముందుగా వదిలేస్తుంది. ఇక్కడ ఒక వరుస గుర్తుంచుకోవాలి: మొదట రిమూవ్ (డ్రైవర్ విడిపోయేటప్పుడు పిలిచే ఫంక్షన్) పూర్తిగా నడుస్తుంది, ఆ తర్వాతే డెవ్‌ఎమ్ వనరులు విడుదలవుతాయి. కింది చిక్కుల్లో చాలా వాటికి మూలం ఈ వరుసను పట్టించుకోకుండా సగం కోడ్ మార్చి ఆపేయడమే.

ప్రోబ్ విఫలమైన ప్రతిసారీ మెమరీ లీకవుతోంది

మధ్యలో కొత్త వనరు చేర్చినవారు లేబుల్ చేర్చడం మరిచారు, లేదా గోటూ ఒక మెట్టు కిందికి దూకుతోంది. మెమరీ లీక్‌లను వెతికే కెమెమ్‌లీక్‌తో కెర్నెల్ కట్టి, /సిస్/కెర్నెల్/డీబగ్/కెమెమ్‌లీక్ ఫైల్‌లో స్కాన్ అని రాసి, అదే ఫైల్ చదవండి. లీకైన మెమరీని ఎవరు తీసుకున్నారో కాల్ వరుసతో సహా కనిపిస్తుంది.

మార్చేటప్పుడు ప్రోబ్ పైనుంచి కిందికి రండి. ముందు మెమరీ, తర్వాత రిజిస్టర్ల మ్యాపింగ్, తర్వాత క్లాక్, ఇంటరప్ట్ (హార్డ్‌వేర్ పంపే సంకేతం). చేత్తో వదలాల్సినవి మిగిలితే అవి ప్రోబ్‌లో అన్నిటికంటే చివర ఉండాలి. వాటి కింద ఒక్క డెవ్‌ఎమ్ కాల్ ఉన్నా విడుదల వరుస తలకిందులవుతుంది. డెవ్‌ఎమ్ రూపం లేని వనరు మధ్యలో తగిలితే, ఉదాహరణకు చిప్‌ను ఆన్ చేసే మీ సొంత ఫంక్షన్, దాన్ని ఆఫ్ చేసే చిన్న ఫంక్షన్ రాసి డెవ్‌ఎమ్_యాడ్_యాక్షన్_ఆర్_రీసెట్‌తో నమోదు చేయండి. నమోదు విఫలమైతే అదే ఆ ఫంక్షన్‌ను పిలుస్తుంది. మీరు మళ్లీ ఆఫ్ చేయకండి.

మార్చిన వెంటనే ఊప్స్ (కెర్నెల్ తప్పు నివేదిక), చిరునామా చివర ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌0

రిజిస్టర్లను మ్యాప్ చేసే పాత ఐఓరీమ్యాప్ విఫలమైతే నల్ (ఖాళీ పాయింటర్) ఇస్తుంది. డెవ్‌ఎమ్_ప్లాట్‌ఫామ్_ఐఓరీమ్యాప్_రిసోర్స్ మాత్రం ఎర్రర్ సంఖ్యను పాయింటర్‌గా మార్చి ఇస్తుంది. పాత నల్ తనిఖీని అలాగే ఉంచితే అది పట్టుకోలేదు. ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌0 అంటే మైనస్ 16. రిజిస్టర్ ఆఫ్‌సెట్ దీనికి కలుస్తుంది కాబట్టి, ఆఫ్‌సెట్ 32 అయితే చిరునామా 16గా మారి మామూలు నల్ పాయింటర్ తప్పులా కనిపిస్తుంది. అందుకే చాలామంది తప్పు చోట వెతుకుతారు. ఈజ్_ఎర్ర్‌తో తనిఖీ చేసి, పీటీఆర్_ఎర్ర్ విలువను యథాతథంగా తిప్పి పంపండి. పేరు దగ్గరగా ఉన్న డెవ్‌ఎమ్_ఐఓరీమ్యాప్ నల్లే ఇస్తుంది, కాబట్టి ఒక్కో కాల్ ఏమిస్తుందో చూసుకుని మార్చండి.

ఊప్స్ పోయింది, ప్రోబ్ మైనస్ 16తో ఆగుతోంది

ఐఓరీమ్యాప్ చిరునామాను మ్యాప్ చేస్తుంది, అంతే. కొత్త కాల్ ఆ ప్రాంతాన్ని తన పేర రిజర్వ్ కూడా చేస్తుంది. అదే ప్రాంతం ఇంకో డ్రైవర్ పేర ఉంటే కుదరదు, మైనస్ 16 (వనరు ఖాళీగా లేదు) వస్తుంది. ఎవరి పేర ఉందో /ప్రాక్/ఐఓమెమ్‌లో తెలుస్తుంది. రెండు డ్రైవర్లకూ నిజంగా అవే రిజిస్టర్లు కావాలంటే సిస్‌కాన్ రెగ్‌మ్యాప్ (రిజిస్టర్లను డ్రైవర్లు పంచుకునే కెర్నెల్ ఏర్పాటు) ద్వారా పంచుకోండి. రెండు వైపుల నుంచి ఒకే రిజిస్టర్‌ను చదివి మార్చి రాసే పోటీకి అప్పుడు తాళం పడుతుంది. రిజర్వేషన్ లేని కాల్‌కు వెనక్కి వెళ్తే ప్రోబ్ నడుస్తుంది గానీ ఆ పోటీ అలాగే ఉంటుంది.

రిమూవ్ తర్వాత క్లాక్ ఇప్పటికే ఆగిందని, ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ లైన్) ఇప్పటికే వదిలేశారని హెచ్చరికలు

ప్రోబ్ మార్చారు, రిమూవ్ మార్చలేదు, అందుకే ఒకే వనరు రెండుసార్లు విడుదలవుతోంది. డెవ్‌ఎమ్_సీఎల్‌కే_గెట్_ఎనేబుల్డ్ వాడాక సీఎల్‌కే_డిసేబుల్_అన్‌ప్రిపేర్ ఎక్కడా మిగలకూడదు. ఫ్రీ_ఐఆర్‌క్యూ కూడా అంతే. రిమూవ్ ఖాళీ అయితే ఆ ఫంక్షన్‌నే తీసేయండి.

అన్‌బైండ్ చేస్తే (డివైస్ నుంచి డ్రైవర్‌ను విడదీస్తే) అప్పుడప్పుడు కూలుతోంది

వీటన్నిటిలో ప్రమాదకరమైనది ఇదే. వందసార్లు బాగానే నడిచి ఒకసారి కూలవచ్చు. ఇంటరప్ట్‌ను డెవ్‌ఎమ్‌తో తీసుకున్నారు, అది వర్క్‌ను (తర్వాత నడవాల్సిన పనిని) క్యూలో వేస్తుంది, రిమూవ్ ఆ వర్క్‌ను క్యాన్సిల్_వర్క్_సింక్‌తో రద్దు చేస్తుంది. కానీ రిమూవ్ ముగిసేనాటికి ఇంటరప్ట్ ఇంకా బతికే ఉంది. ఆ సందులో ఒక్క ఇంటరప్ట్ వచ్చినా వర్క్ మళ్లీ క్యూలో పడుతుంది, కాసేపట్లో మెమరీ విడుదలవుతుంది, వర్క్ ఆ విడుదలైన మెమరీ మీద నడుస్తుంది.

రద్దును రిమూవ్ నుంచి తీసేసి డెవ్‌ఎమ్_వర్క్_ఆటోక్యాన్సిల్ వాడండి. అది ప్రోబ్‌లో ఇంటరప్ట్ కాల్‌కు పైన ఉండాలి. అప్పుడు ముందు ఇంటరప్ట్ పోతుంది, తర్వాత వర్క్ రద్దవుతుంది, చివర మెమరీ. ఇంటరప్ట్‌ను అన్నీ సిద్ధమయ్యాకే కోరడం ప్రోబ్‌కూ మేలు: ఇంకా నింపని పాయింటర్‌ను హ్యాండ్లర్ తాకే అవకాశం ఉండదు.

యూజర్ ప్రోగ్రామ్ డివైస్ ఫైల్ తెరిచి ఉంచినప్పుడు మాత్రమే కూలుతుంటే కారణం వేరు. డెవ్‌ఎమ్_కేజెడ్‌అలాక్ మెమరీ అన్‌బైండ్‌తోనే పోతుంది, తెరిచిన ఫైల్ దానికంటే ఎక్కువ కాలం ఉంటుంది. ఆ స్ట్రక్చర్‌కు డెవ్‌ఎమ్ పనికిరాదు. మామూలు కేజెడ్‌అలాక్‌తో తీసుకుని ఎందరు వాడుతున్నారో కేరెఫ్‌తో లెక్కపెట్టి, చివరి ఫైల్ మూసినప్పుడు వదలండి. విడిపోయిన తర్వాత వచ్చే రీడ్, రైట్‌లను ఎర్రర్‌తో తిప్పి పంపాలి. ఇక్కడ నాలుగు పంక్తులు పెరిగినా పెరగనివ్వండి.

బూట్ లాగ్ నిండా మైనస్ 517

అది ఈప్రోబ్_డిఫర్: కావాల్సిన క్లాకో రెగ్యులేటరో ఇంకా రాలేదు, కెర్నెల్ మళ్లీ ప్రయత్నిస్తుంది. ప్రింట్, రిటర్న్ రెండింటి బదులు డెవ్_ఎర్ర్_ప్రోబ్ ఒక్కటి పెట్టండి (5.9 నుంచి ఉంది). డిఫర్ అయితే లాగ్‌లో ఎర్రర్ వేయదు, కారణాన్ని డీబగ్ఎఫ్‌ఎస్‌లోని డివైసెస్_డిఫర్డ్ ఫైల్‌కు అందిస్తుంది. ప్లాట్‌ఫామ్_గెట్_ఐఆర్‌క్యూ తన ఎర్రర్ తానే ముద్రిస్తుంది, దాని వెనక మీ సందేశం అక్కర్లేదు.

ఏదో ఒక దారిలో మ్యూటెక్స్ (తాళం) వదలకుండా బయటికి వస్తోంది

6.5 కెర్నెల్ (2023) నుంచి గార్డ్(మ్యూటెక్స్) ఉంది. స్కోప్ ముగియగానే తాళం తీస్తుంది. ఒకే ఫంక్షన్‌లో గార్డ్‌నూ గోటూ శుభ్రతనూ కలపకండి. తాళం ఫంక్షన్ చివరి దాకా ఉండటం ఎక్కువనిపిస్తే స్కోప్డ్_గార్డ్ వాడండి.

సరిచూసే విధం

కాన్ఫిగ్_డీబగ్_టెస్ట్_డ్రైవర్_రిమూవ్ ఆన్ చేస్తే ప్రతి డ్రైవర్‌నూ ప్రోబ్ చేసి, రిమూవ్ చేసి, మళ్లీ ప్రోబ్ చేస్తుంది. విడుదలైన మెమరీ వాడకాన్ని పట్టుకునే కేసాన్ కూడా ఆన్ చేసి, డివైస్‌కు ఇంటరప్ట్‌లు వస్తుండగానే సిస్‌ఎఫ్‌ఎస్ ద్వారా అన్‌బైండ్, బైండ్ లూప్ నడపండి. ఖాళీగా ఉన్న డివైస్ మీద నడిపితే పై వర్క్ చిక్కు బయటపడదు. ఒక్కో వనరు మార్పును ఒక్కో ప్యాచ్‌గా పంపండి. ఏదైనా విరిగితే గిట్ బైసెక్ట్ (ఏ ప్యాచ్‌తో విరిగిందో వెతికేది) నేరుగా ఆ వనరు దగ్గరే ఆగుతుంది.