ఎస్‌ఎస్‌ఓ గో లైవ్‌కి ముందు యూఏటీలో చూసుకోవాల్సినవి

దసరా సెలవుల్లోపు సింగిల్ సైన్ ఆన్ (ఎస్‌ఎస్‌ఓ, అంటే ఒకే లాగిన్‌తో ఆఫీసు అప్లికేషన్లన్నీ తెరుచుకునే ఏర్పాటు) ఎక్కించేయాలని హైటెక్ సిటీలో మీ టీమ్ కూడా తొందరపడుతుంటే, యూఏటీకి, అంటే వాడేవాళ్లే చేసి చూసే చివరి టెస్టింగ్‌కి, సైన్ ఆఫ్ ఇచ్చే ముందు ఒక్కసారి ఆగండి. వేరే సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొర్లితే ఒక స్క్రీన్ ఆగుతుంది. ఇందులో దొర్లితే ఆఫీసంతా గుమ్మం బయటే నిలబడాలి.

ముందు, టెస్ట్ చేసేది ఎవరో చూడండి. ప్రాజెక్ట్ టీమ్ ఖాతాలన్నీ శుభ్రంగా ఉంటాయి, వాటితో ఏదీ బయటపడదు. నైట్ షిఫ్ట్ వాళ్లను, కాంట్రాక్ట్ వాళ్లను, పేరు మారినవాళ్లను కూర్చోబెట్టండి. నేను పనిచేసినచోట ఒకావిడకి పెళ్లయ్యాక ఇంటిపేరుతో పాటు మెయిల్ ఐడీ మారింది. యూఏటీలో లాగిన్ అయ్యారు, పాస్ అని టిక్ పెట్టేశాం. తీరా లోపల చూస్తే ఆమె సెలవుల లెక్క సున్నా, పేస్లిప్‌లు ఒక్కటీ లేవు. అప్లికేషన్ మనిషిని మెయిల్ ఐడీతో గుర్తుపడుతోంది, అందుకే ఆమెకి కొత్త ఖాతా తెరిచేసింది. ఎంప్లాయీ ఐడీలాంటి మారని గుర్తుతో కలపమని అప్పుడు పట్టుబట్టాం. లోపలికి వెళ్లారా అని అడిగి ఊరుకోకండి, ఎవరిగా వెళ్లారో, ఏం కనిపించిందో రాయించండి.

ప్రతి టెస్టూ కొత్త ఇన్‌కాగ్నిటో విండోలో చేయించండి. పాత కుకీ మిగిలి ఉంటే అబద్ధపు పాస్ వస్తుంది. మెయిల్‌లో వచ్చిన అప్రూవల్ లింక్ నొక్కితే లాగిన్ తర్వాత ఆ పేజీకే వెళ్లాలి, హోమ్ పేజీకి కాదు.

లాగవుట్‌ని అసలు వదలొద్దు. షిఫ్టుల్లో ఒకే సిస్టమ్ వాడేచోట ఒకరు అప్లికేషన్‌లో లాగవుట్ కొట్టి క్యాబ్ ఎక్కేస్తారు. అన్ని అప్లికేషన్లకీ లాగిన్ సరిచూసే ఐడెంటిటీ ప్రొవైడర్ సెషన్ మాత్రం బతికే ఉంటుంది. తర్వాత కూర్చున్నవాళ్లు లాగిన్ నొక్కగానే పాస్‌వర్డ్ అడక్కుండా ముందు మనిషి పేరుతో తెరుచుకుంటుంది. అలాగే ఒక టెస్ట్ ఖాతాని డిసేబుల్ చేసి, అప్పటికే తెరిచి ఉన్న అప్లికేషన్ ఇంకా ఎన్ని నిమిషాలు పనిచేస్తుందో గడియారం పెట్టి చూడండి.

శామల్ (SAML, లాగిన్ అయింది ఎవరో ఐడెంటిటీ ప్రొవైడర్ నుంచి అప్లికేషన్‌కి చెప్పే పద్ధతి) వాడుతుంటే సర్వర్ల టైమ్ సరిచూడండి, కొన్ని నిమిషాల తేడాకే లాగిన్ తిరగ్గొడుతుంది. ఆ సమాచారం అసలైనదేనని సరిచూసుకోవడానికి వాడే సర్టిఫికెట్ గడువు తేదీ ఇద్దరి క్యాలెండర్లలో ఉండాలి.

ఎస్‌ఎస్‌ఓతో సంబంధం లేని ఎమర్జెన్సీ అడ్మిన్ ఖాతా ఒకటి ఉంచి, యూఏటీలోనే దాంతో లాగిన్ అయి చూడండి. గో లైవ్ శుక్రవారం రాత్రి వద్దు, వెండర్ ఫోనెత్తే మంగళవారం పొద్దున పెట్టుకోండి.