తక్కువ ట్రిప్పులతో, తక్కువ పొగతో విజయనగరం బజారుకు సరుకు చేర్చే విధానం

విజయనగరంలో గంటస్తంభం, ఉల్లివీధి, మూడు లాంతర్ల పరిసరాల్లో టోకు వ్యాపారం చేసేవారికీ, వారి సరుకు తోలే ట్రాలీ ఆటోల యజమానులకూ ఉపయోగపడాలని ఈ పద్ధతిని వివరంగా రాస్తున్నాను. 16వ నంబరు జాతీయ రహదారి మీదుగానూ, సాలూరు వైపు నుంచి 26వ నంబరు రహదారి మీదుగానూ వచ్చే లారీలు నిండు లోడుతోనే ఊరికి చేరతాయి. అసలు వృథా ఆ తరువాత, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నుంచి గోదాముకు, గోదాము నుంచి చిల్లర దుకాణానికి సరుకు వెళ్లే చివరి మూడు నాలుగు కిలోమీటర్లలో జరుగుతుంది. పాత బజారు వీధులు ఎడ్లబండ్ల కాలం నాటి వెడల్పుతోనే ఉన్నాయి గనుక, అక్కడ ఆగిన ఒక్క బండి వెనుక పది బండ్లు పొగ కక్కుతూ నిలబడతాయి.

నేను గంటస్తంభం దగ్గరి ఒక టోకు కిరాణా దుకాణంలో ఇరవై రెండేళ్లు లెక్కలు రాశాను. ఒక ఉదయం మా దుకాణం నుంచి రెండు బస్తాల పంచదారతో ఒక ట్రాలీ ఆటో కంటోన్మెంట్‌లోని ఒక కిరాణా కొట్టుకు బయలుదేరింది. పది నిమిషాల తరువాత పక్క దుకాణం నుంచి నాలుగు నూనె టిన్నులతో ఇంకో ఆటో అదే కొట్టుకు వెళ్లింది. రెండూ ఖాళీగా తిరిగి వచ్చాయి, రెండు కిరాయిలూ ఆ కొట్టు యజమానే చెల్లించాడు. అరుగు మీద కూర్చుని రెండు చలానాలు పక్కపక్కన పెట్టి చూసిన ఆ రోజు నుంచే, ఈ సమస్యకు పరిష్కారం కొత్త బండి కొనడంతో కాక, ఉన్న బండిని నింపడంతో మొదలవ్వాలని నాకు గట్టిగా అనిపించింది.

కాబట్టి మొదటి పని లెక్క రాయడం. కాటా పక్కన ఒక నోటుపుస్తకం పెట్టి, బయటికి వెళ్లే ప్రతి బండికీ బయలుదేరిన సమయం, వెళ్లే దుకాణాలు, నడిచిన కిలోమీటర్లు, సరుకు బరువు, తొట్టిలో ఎంత భాగం నిండింది, దిగుమతి కోసం ఎంతసేపు ఆగింది, తిరుగు ప్రయాణంలో ఏమైనా తెచ్చిందా అన్నవి రాయాలి. ఈ లెక్కను నెల మొదటి వారంలో ఒకసారి, మూడో వారంలో ఇంకోసారి తప్పనిసరిగా రాయాలి, ఎందుకంటే జీతాలు పడిన వారంలో బండ్లు నిండుగా వెళ్తాయి, మూడో వారంలో సగానికి పైగా ఖాళీగా వెళ్తాయి. ఒక్క వారం లెక్కే చూసుకుంటే మోసపోతాం. ఇరుగు పొరుగు దుకాణాల వారు నలుగురైదుగురు ఒకే తీరున రాస్తే ఇంకా మేలు. ఎవరికి ఏ ధరకు అమ్మారన్నది ఆ పుస్తకంలో ఉండనవసరం లేదు. ఆ భయం వల్లనే చాలామంది వ్యాపారులు కలిసి పనిచేయడానికి వెనుకాడతారు గనుక, ఈ సంగతి మొదటి రోజే స్పష్టంగా చెప్పుకోవాలి.

నింపడం ఎందుకు ముందో చిన్న లెక్కతో చూపిస్తాను. లీటరు డీజిలు మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. లోడుతో లీటరుకు 25 కిలోమీటర్లు నడిచే ట్రాలీ ఆటో అనుకుంటే కిలోమీటరుకు దాదాపు 108 గ్రాములు అవుతుంది. యూనిట్ కరెంటుకు 10 కిలోమీటర్లు నడిచే ఎలక్ట్రిక్ ఆటో వీధిలో పొగ వదలదు, కానీ మన దేశపు కరెంటులో బొగ్గు వాటా ఎక్కువ కాబట్టి యూనిట్‌కు సుమారు 0.7 కిలోల చొప్పున చూస్తే కిలోమీటరుకు 70 గ్రాములు పడుతుంది. అంటే బండి మార్చితే మూడో వంతు తగ్గుతుంది. సగం ఖాళీగా వెళ్లే రెండు డీజిలు బండ్ల సరుకును ఒకే బండిలో పంపితే, పైసా పెట్టుబడి లేకుండా, దాదాపు సగం తగ్గుతుంది. రెండూ చేస్తే మరీ మంచిది, కానీ వరుస మారకూడదు.

రెండో పని ఊరిని దిక్కులుగా విడదీయడం. కంటోన్మెంట్ వైపు, రైల్వే స్టేషను వైపు, కోట చుట్టుపక్కలు, నెల్లిమర్ల దారి అని పంచుకుని, ఒక్కో దిక్కుకు రోజులో ఒకటి రెండు నిర్ణీత వేళల్లోనే బండి బయలుదేరుతుందని చిల్లర వర్తకులకు ముందుగా తెలియజేయాలి. ఆర్డర్లు ముందు రోజు రాత్రి 8 గంటలలోపు ఫోనులో పంపించమనాలి. మొదట్లో కొందరు "ఇప్పుడే కావాలి" అంటారు. అలాంటి వారి అత్యవసర సరుకుకు వేరే కిరాయి వసూలు చేస్తే, రెండు వారాల్లో నిజమైన అత్యవసరం ఏదో వారికే తెలిసివస్తుంది. దీన్ని మన ఊరు ప్రతి ఏటా ఒకసారి చేసి చూపిస్తూనే ఉంది: పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు చదురుగుడి నుంచి కోట వరకు సిరిమాను మూడుసార్లు తిరిగే దారిలో బండి పోయే వీలుండదు గనుక, తొలేళ్లకు, అంటే సిరిమానుకు ముందు రోజు జరిగే సంబరానికి, ముందే దుకాణాలన్నీ సరుకు నింపుకుంటాయి. ఏడాదిలో రెండు రోజులు సాధ్యమైన ముందుచూపు మిగిలిన రోజుల్లోనూ సాధ్యమే.

లోడు ఎక్కించే వరుస మీద చాలా ఆధారపడి ఉంటుంది. ఆఖరున దింపవలసిన దుకాణం సరుకును అందరికంటే ముందు, తొట్టి లోపలి వైపు ఎక్కించాలి. మొదట దింపవలసినది వెనుక తలుపు దగ్గర ఉండాలి. బరువైన బస్తాలు అడుగున, నూనె టిన్నులు నిటారుగా, సబ్బుల అట్టపెట్టెలు పైన పేర్చి, ఒక్కో దుకాణం సరుకు మీద ఒక్కో రంగు సుద్దముక్కతో గుర్తు వేస్తే, దిగుమతి వేళ మూటలు తీసి మళ్లీ పెట్టే అవస్థ తప్పుతుంది. ఈ వరుసను కళాసీలకు వదిలేయకుండా, వారితో కూర్చుని నిర్ణయించాలి, ఎందుకంటే ఏ గుమ్మం దగ్గర బండి వెనక్కి తిప్పుకోవచ్చో, ఎక్కడ మెట్లు ఎత్తుగా ఉంటాయో మనకంటే వారికే బాగా తెలుసు. కళాసీల కూలి బస్తా లెక్కన వస్తుంది. బస్తాల సంఖ్య తగ్గదు గనుక ట్రిప్పులు తగ్గినా వారి కూలి తగ్గకూడదు, ఆ మాట ముందే ఇవ్వాలి. ఆటో డ్రైవర్ల విషయంలో మాత్రం ట్రిప్పు కిరాయి నుంచి రోజు కిరాయికి మారడమే న్యాయం, లేకపోతే మన పొదుపంతా వారి కడుపు మీద కొట్టినట్టవుతుంది.

నాలుగు దుకాణాల సరుకు ఒకే బండిలో వెళ్లేటప్పుడు కాగితాలు సరిగా ఉండాలి. ప్రతి దుకాణం ఇన్‌వాయిసు విడిగా ఉండాలి. ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ పోర్టల్‌లో తీసుకునే పత్రం) అవసరమైన సరుకులు ఒకటికి మించి ఉంటే, వాటన్నిటినీ కలిపి ఆ బండికి ఒకే కన్సాలిడేటెడ్ ఈ-వే బిల్లు తీసుకునే వీలు పోర్టల్‌లోనే ఉంది. మందుల దుకాణాల చిన్న పార్శిళ్లు, విడిభాగాలు, పుస్తకాలు వంటివి చుట్టుపక్కల ఊళ్లకు పంపాలంటే ప్రత్యేకంగా బండి కట్టవద్దు. ఎలాగూ నడిచే ఆర్టీసీ బస్సులో కార్గో సేవ ద్వారా పంపితే అదనపు పొగ దాదాపు ఉండదు.

పెద్ద గోదాము ఒకటి కట్టి అందరి సరుకూ అక్కడే కలపాలన్న ఆలోచన కొందరికి వస్తుంది. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 2004లో బ్రాడ్‌మీడ్ బజారు దుకాణాల కోసం అలాంటి కేంద్రం పెట్టారు, అక్కడ చేరిన దుకాణాలకు వెళ్లే లారీల ట్రిప్పులు బాగా తగ్గాయి. అయితే దాన్ని ప్రజాధనం అండతో నిలబెట్టారు. మన ఊళ్లో అద్దె ఎవరు కట్టాలో తేలకుండా గోదాముకు పూనుకోవద్దని నా సలహా. ఇరుగు పొరుగు దుకాణాల్లో ఎవరి అరుగు పెద్దదైతే ఆ అరుగే మొదటి ఆరు నెలలకు సరిపోతుంది.

బండి ఆగే చోటు గురించి నగరపాలక సంస్థకూ, ట్రాఫిక్ పోలీసులకూ ఉమ్మడిగా అర్జీ ఇవ్వాలి. మోటారు వాహనాల చట్టంలోని 115వ సెక్షను బండ్ల రాకపోకలను వేళలవారీగా నియంత్రించడానికి, 117వ సెక్షను నిలుపుదల స్థలాలను నిర్ణయించడానికి అధికారమిస్తాయి. అర్జీతో పాటు నోటుపుస్తకంలోని దిగుమతి సమయాలను జత చేసి, ఏ మలుపు దగ్గర రెండు బండ్ల చోటు గీత గీసి కేటాయించాలో చూపిస్తే, వట్టి ఫిర్యాదు కంటే దానికి విలువ ఎక్కువ. ఉదయం 6 నుంచి 8 మధ్య దిగుమతి అన్నిటికంటే మేలు. రాత్రి 10 దాటాక మాత్రం వద్దు. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో ఆ వేళ పరిమితి 45 డెసిబెల్స్ మాత్రమే, పాత బజారులో దుకాణాల పైనే సంసారాలు ఉన్నాయి. ఏ వేళైనా దింపినంతసేపూ ఇంజను ఆపే ఉంచాలి.

ఇవన్నీ కుదిరాక ఎలక్ట్రిక్ ఆటో గురించి ఆలోచించాలి. బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలకు 2018 నుంచి పర్మిట్ అవసరం లేదు, వాటిపై జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. కొనే ముందు మీ సొంత సరుకు నిండుగా ఎక్కించి, మీరు వెళ్లే దూరపు దుకాణం, అంటే ఉదాహరణకు నెల్లిమర్ల, దాకా వెళ్లి వచ్చి ఛార్జి ఎంత తగ్గిందో చూడాలి. కంపెనీ చెప్పే మైలేజీ ఖాళీ రోడ్డుకు చెందినది, మన ఎండకూ గతుకులకూ చెందినది కాదు. బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లో, ఎన్ని కిలోమీటర్లో కాగితం మీద రాయించుకోవాలి. చిన్న ఆటోను 15 ఆంపియర్ల సాకెట్‌తో రాత్రికి రాత్రి ఛార్జి చేయవచ్చు, కానీ ముందుగా ఎలక్ట్రీషియన్ చేత ఎర్తింగు, వైరు మందం చూపించుకోవడం తప్పనిసరి. గోనె బస్తాల నడుమ మాత్రం ఎన్నడూ ఛార్జి పెట్టకూడదు. కిలోమీటరు లోపు దూరానికి ఇప్పటికీ తొక్కుడు రిక్షాను మించినది లేదు. ఒక బ్యాటరీ మోటారు బిగిస్తే కోట దగ్గరి ఎత్తుపల్లాల్లో తొక్కేవారి మోకాళ్లకు భారం తగ్గుతుంది.

తిరుగు ప్రయాణాన్ని మరవవద్దు. వెళ్లిన ప్రతి బండీ ఖాళీ గోనె సంచులు, ప్లాస్టిక్ క్రేట్లు, మడిచి కట్టిన అట్టపెట్టెలు తిరిగి తేవాలి. గోనె సంచి ఒక్కసారి వాడి పారేయదగినది కాదని జనపనార మిల్లుతో పేరుపొందిన నెల్లిమర్ల పక్కన ఉన్న మనకు ఒకరు చెప్పనవసరం లేదు.

మూడు నెలల తరువాత, మళ్లీ అవే రెండు వారాల్లో నోటుపుస్తకం రాసి, మొత్తం బరువును మొత్తం కిలోమీటర్లతో భాగించి, పాత లెక్క పక్కన వేయాలి. కిలోమీటర్లు తగ్గినా అమ్మకం పడిపోయినందువల్ల తగ్గి ఉండవచ్చు గనుక, కిలోమీటరుకు ఎన్ని కిలోల సరుకు చేరిందన్న ఆ ఒక్క అంకెనే నమ్మాలి. అది పెరగని దిక్కు ఏదో చూసి, ఆ దిక్కు బండి వేళను మార్చి, మరో నెల రాయాలి.