థండర్‌బర్డ్‌లో టు దగ్గర పేరు కొడితే తప్పు అడ్రస్ వస్తోందా, అసలు రావట్లేదా? ఇలా చూస్కోండి

కంప్యూటర్‌లో మెయిల్ చూసుకునే థండర్‌బర్డ్ ప్రోగ్రామ్‌లో కొత్త మెయిల్ తెరిచి టు దగ్గర రెండక్షరాలు కొట్టగానే కింద పేర్ల లిస్టు వస్తుంది కదా, దాని మీద జనం అడిగే గొడవలు దాదాపు మూడే. రావాల్సిన మనిషి పేరు రాదు, లేదా ఎప్పుడో మానేసిన పాత ఐడీ అన్నిటికంటే పైన వచ్చి కూర్చుంటుంది, లేదా నిన్నటిదాకా ఉన్న కాంటాక్టులు ఒక్కసారిగా మాయమైపోతాయి. మూడిటికీ ముందు తెలుసుకోవాల్సింది ఒకటే, ఈ లిస్టు మీ ఇన్‌బాక్స్‌లోంచి రాదు, సెంట్ ఫోల్డర్‌లోంచీ రాదు, అడ్రస్ బుక్కుల్లోంచే వస్తుంది (ఆఫీసు డైరెక్టరీ సర్వర్ కలుపుకున్నవాళ్ళకి అది అదనం). ఎవరైనా మీకు వంద మెయిళ్ళు పంపినా సరే, మీరు ఒక్కసారి కూడా వాళ్ళకి రాయకుండా, సేవ్ కూడా చేయకుండా ఉంటే వాళ్ళ పేరు అక్కడ రాదు. చాలామంది సెట్టింగులన్నీ కెలికి, చివరికి అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ వేసి కూడా అలాగే ఉందంటారు, ఎందుకంటే వాళ్ళు చూడాల్సింది ప్రోగ్రామ్‌ని కాదు, బుక్కుని.

మామూలుగా రెండు బుక్కులు వాటంతటవే ఉంటాయి. ఒకటి పర్సనల్ అడ్రస్ బుక్, మనం చేత్తో సేవ్ చేసుకునేవి ఇందులోకి పోతాయి. రెండోది కలెక్టెడ్ అడ్రసెస్, మీరు మెయిల్ పంపిన ప్రతి కొత్త అడ్రస్ మిమ్మల్ని అడక్కుండానే ఇందులో చేరిపోతుంది. అసలు తలనొప్పంతా ఈ రెండోదాంతోనే. తొందరలో జీమెయిల్ స్పెల్లింగ్ తప్పు కొట్టి పంపారనుకోండి, మెయిల్ బౌన్స్ అయి వెనక్కి వస్తుంది, మీరు సరిచేసి మళ్ళీ పంపుతారు, అక్కడితో అయిపోయిందనుకుంటారు, కానీ ఆ తప్పు అడ్రస్ కూడా భద్రంగా అందులోనే ఉండిపోతుంది, వచ్చే నెల అదే పేరు కొడితే రెండూ పక్కపక్కన కనిపిస్తాయి.

కాబట్టి ముందు చేయాల్సిన పని, లిస్టులో వచ్చే ఒక్కో పేరు ఏ బుక్కులోంచి వస్తోందో కనుక్కోవడం. దీనికి ఒక చిన్న కిటుకు ఉంది, ఎందుకో ఎక్కువమందికి తెలీదు. సెట్టింగ్స్‌లో జనరల్‌కి వెళ్ళి అడుగు దాకా దిగితే కాన్ఫిగ్ ఎడిటర్ అని బటన్ ఉంటుంది, జాగ్రత్త అని ఏదో హెచ్చరిక వస్తే ఓకే అనేసి, సెర్చ్ బాక్సులో కామెంట్‌కాలమ్ అని ఇంగ్లీషులో, మధ్యలో స్పేస్ లేకుండా కొట్టండి. మెయిల్ డాట్ ఆటోకంప్లీట్ డాట్ కామెంట్‌కాలమ్ అని ఒక లైను వస్తుంది, దాని విలువ 0 ఉంటుంది, దాన్ని 1 చేయండి. థండర్‌బర్డ్ ఒకసారి మూసి తెరవండి. ఇక టు దగ్గర పేరు కొడితే ప్రతి అడ్రస్ పక్కన అది ఏ బుక్కుదో కూడా కనిపిస్తుంది. నన్నడిగితే ఇది మొదటినుంచే ఆన్‌లో ఉండాల్సింది, సగం ప్రశ్నలు పుట్టేవే కావు. ఆ ఎడిటర్‌లో మిగతా లైన్ల జోలికి మాత్రం పోకండి.

పాత ఐడీ పైన రావడం సంగతి

థండర్‌బర్డ్ ప్రతి కాంటాక్టుకీ లోపల ఒక లెక్క పెట్టుకుంటుంది, మీరు ఎన్నిసార్లు ఆ కాంటాక్టుకి మెయిల్ పంపితే అంత పైకి తెస్తుంది. అందుకే మీ ఆడిటర్ గారు కంపెనీ మారి కొత్త ఐడీ ఇచ్చినా, మీరు దాన్ని కొత్త కాంటాక్టుగా సేవ్ చేస్తే దాని లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, ఏళ్ళ తరబడి వాడిన పాతది పైనే ఉంటుంది. ఇలాంటప్పుడు కొత్త కార్డు (బుక్కులో ఒక మనిషి వివరాలుండే పేజీ) చేయొద్దు. అడ్రస్ బుక్ తెరిచి, ఎడమ పక్కన ఆల్ అడ్రస్ బుక్స్ మీద క్లిక్ చేసి ఆయన పేరు వెతికి, పాత కార్డులోనే ఎడిట్ కొట్టి మెయిల్ ఐడీ మార్చేయండి, లెక్క అలాగే ఉంటుంది కాబట్టి కొత్త ఐడీ నేరుగా పైకి వస్తుంది. అదే కార్డులో రెండో ఐడీగా పాతది మిగిలిపోయిందేమో కూడా చూడండి, అది ఉంటే అదీ లిస్టులోకి వస్తుంది.

తప్పు స్పెల్లింగ్‌వి, పనికిరానివి అయితే కలెక్టెడ్ అడ్రసెస్‌లోకి వెళ్ళి డిలీట్ చేయడమే. ఒక సంగతి, డిలీట్ చేశాక కూడా మళ్ళీ వచ్చిందంటే కంగారు పడకండి, పాత అడ్రస్ ఉన్న ఏదో గ్రూప్ మెయిల్‌కి మీరు రిప్లై ఆల్ కొట్టి ఉంటారు, అది పంపగానే మళ్ళీ చేరుతుంది. ఇది విసుగనిపిస్తే సెట్టింగ్స్‌లో కంపోజిషన్, అందులో అడ్రసింగ్ అనే భాగంలో, పంపిన అడ్రసులు ఆటోమేటిగ్గా చేర్చుకునే టిక్కు తీసేయొచ్చు. నేనైతే తీయమని చెప్పను, అది తీసేస్తే ప్రతి కొత్త మనిషినీ చేత్తో సేవ్ చేసుకోవాలి, ఎవరు చేస్తారు చెప్పండి, దానికంటే అప్పుడప్పుడు ఆ బుక్కుని దులుపుకోవడం తేలిక.

మైక్రోసాఫ్ట్ వాళ్ళ క్లాసిక్ అవుట్‌లుక్ మెయిల్ ప్రోగ్రామ్ వాడేవాళ్ళకి ఇక్కడ పద్ధతి వేరు, అందులో ఈ లిస్టు కాంటాక్టుల్లోంచి కాకుండా విడిగా ఉంటుంది, కాబట్టి కాంటాక్ట్ సరిచేసినా లిస్టులో పాతదే వస్తుంది. పేరు పక్కన వచ్చే ఇంటూ గుర్తు నొక్కితే ఆ ఒక్కటీ పోతుంది. మొత్తం ఖాళీ చేయాలంటే ఫైల్, ఆప్షన్స్, మెయిల్‌లో ఎంప్టీ ఆటో కంప్లీట్ లిస్ట్ ఉంటుంది, కానీ అది నొక్కితే పనికొచ్చేవి కూడా అన్నీ పోతాయి.

అసలు పేరే రాకపోతే

ముందు పైన చెప్పిన కంపోజిషన్, అడ్రసింగ్‌లోనే లోకల్ అడ్రస్ బుక్స్ అనే టిక్కు ఉందో లేదో చూడండి, అది లేకపోతే ఏదీ రాదు. టిక్కు ఉంది, అయినా కొందరు మాత్రమే రావట్లేదు అంటే ఆ కార్డు తెరిచి చూడండి, ఫోన్ నంబరు మాత్రం ఉండి మెయిల్ ఐడీ ఖాళీగా ఉంటుంది. ఫోన్ నుంచి వచ్చిన కాంటాక్టుల్లో ఎక్కువ శాతం ఇలాంటివే, మెయిల్ ఐడీ లేని కార్డు టు లిస్టులోకి రాదు, అది తప్పు కాదు.

మనవాళ్ళకి ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది ఇంకోటి ఉంది. ఫోన్‌లో పేర్లు తెలుగులో సేవ్ చేసుకున్నవాళ్ళు, సుబ్బారావు బాబాయి అని తెలుగు అక్షరాల్లో ఉంటే, కంప్యూటర్‌లో ఇంగ్లీషు కీబోర్డుతో ఎస్ యు బి అని కొడితే ఆ పేరు దొరకదు, అక్షరాలు కలవవు కదా. ఆయన మెయిల్ ఐడీలో ఆ అక్షరాలు ఉంటేనే వస్తుంది, ఆ ఐడీలో పేరు లేకుండా ఏ పుట్టిన తేదీయో, ఇంటిపేరో మాత్రమే ఉంటే ఇక మీరు ఎంత కొట్టినా రాదు. దీనికి పేరు మార్చక్కర్లేదు, కార్డు ఎడిట్‌లో నిక్‌నేమ్ అని ఒక గడి ఉంటుంది, అందులో ఇంగ్లీషులో చిన్న పేరు ఏదైనా రాసుకోండి. ఇంకా మంచి సంగతేంటంటే, నిక్‌నేమ్‌ని పూర్తిగా ఉన్నదున్నట్టు కొడితే ఆ మనిషినే మిగతావాళ్ళకంటే ముందు చూపిస్తుంది, అందుకే రోజూ మెయిల్ చేసేవాళ్ళకి రెండు మూడక్షరాల నిక్‌నేమ్ పెట్టుకుంటే హాయి. ఒకే పేరున్న శ్రీనివాస్‌లు నలుగురైదుగురు ఉన్నవాళ్ళకి ఇది తప్పనిసరి అంటాను.

ఇక జీమెయిల్ వెబ్‌లో కొడితే వస్తుంది, థండర్‌బర్డ్‌లో రాదు అనేవాళ్ళు. థండర్‌బర్డ్‌లో మెయిల్ అకౌంట్ పెట్టుకున్నంత మాత్రాన గూగుల్ కాంటాక్టులు రావు, అడ్రస్ బుక్‌ని విడిగా కలపాలి. అకౌంట్ సెటప్ చివర్లో మీ అకౌంట్‌కి అడ్రస్ బుక్, క్యాలెండర్ ఉన్నాయి కలపమంటారా అని అడుగుతుంది, అందరూ ఫినిష్ కొట్టేసి పోతారు. ఇప్పుడు కలపాలంటే అడ్రస్ బుక్ విండోలో కొత్త బుక్ చేసే చోట కార్డ్‌డావ్ (సర్వర్‌లో ఉన్న కాంటాక్టుల్ని కలిపే పద్ధతి) అడ్రస్ బుక్ అని ఉంటుంది, అందులో యూజర్‌నేమ్ దగ్గర మీ జీమెయిల్ ఐడీ ఇచ్చి కంటిన్యూ అంటే గూగుల్ లాగిన్ పేజీ వస్తుంది, పర్మిషన్ ఇస్తే బుక్ పేరు చూపిస్తుంది, టిక్ పెట్టి ముగించండి. లాగిన్ పేజీ తెల్లగా ఉండిపోయినా, మళ్ళీ మళ్ళీ అదే అడుగుతున్నా, సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో కుకీస్ తీసుకునే టిక్కు తీసేసి ఉందేమో చూడండి, గూగుల్ లాగిన్‌కి అది ఉండాలి.

ఇదంతా చేసినా కొందరు రారు. ఎందుకంటే గూగుల్ దగ్గర కూడా రెండు గుంపులు ఉంటాయి, మీరు సేవ్ చేసుకున్నవి ఒకటి, మీరు మెయిల్ చేసినవాళ్ళని అదే దాచిపెట్టే అదర్ కాంటాక్ట్స్ ఇంకోటి. వెబ్‌లో ఈ రెండూ చూపిస్తుంది, కార్డ్‌డావ్‌లో మొదటిదే వస్తుంది. బ్రౌజర్‌లో గూగుల్ కాంటాక్ట్స్ తెరిచి అదర్ కాంటాక్ట్స్‌లోంచి కావాల్సినవాళ్ళని అసలు కాంటాక్టుల్లోకి చేర్చి, థండర్‌బర్డ్‌లో ఆ బుక్ మీద రైట్ క్లిక్ చేసి సింక్రనైజ్ కొడితే వచ్చేస్తారు. ఇక్కడ ఒక్క జాగ్రత్త, ఇలా కలిపిన బుక్కులో ఏది డిలీట్ చేసినా గూగుల్‌లోనూ పోతుంది, ఫోన్‌లోనూ పోతుంది. పొరపాటున పోతే గూగుల్ కాంటాక్ట్స్ ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, ఆలోపు వెనక్కి తెచ్చుకోవచ్చు. భయమనిపిస్తే ఆ బుక్ ప్రాపర్టీస్‌లో రీడ్ ఓన్లీ టిక్ పెట్టేయండి.

ఫోన్ కాంటాక్టులు కలిపాక ఇంకో చిక్కు మొదలవుతుంది, ఇది మాత్రం నిజంగా పరువుకి సంబంధించింది. లిస్టులోంచి ఎంచుకున్నప్పుడు అడ్రస్‌తో పాటు మీరు సేవ్ చేసుకున్న పేరు కూడా మెయిల్‌తో పోతుంది, అవతలివాళ్ళకీ, సీసీలో ఉన్నవాళ్ళందరికీ కనిపిస్తుంది. మీరు ఫోన్‌లో ప్రసాద్ అద్దె ఇవ్వడు అని సేవ్ చేసుకుని ఉంటే ఆ ప్రసాద్ గారు అదే చదువుకుంటారు. పంపేముందు టు దగ్గర పేరు డబ్బాలా మారాక దాని మీద డబుల్ క్లిక్ చేస్తే పేరూ ఐడీ రెండూ రాతలో కనిపిస్తాయి, కావాలంటే అక్కడికక్కడే పేరు మార్చొచ్చు. శాశ్వతంగా కావాలంటే కార్డులో డిస్‌ప్లే నేమ్ మర్యాదగా పెట్టి, మీ గుర్తు ఏదో నిక్‌నేమ్‌లోకి తోసేయండి.

మొత్తం మాయమైతే

ముందుగా అర్థం చేసుకోవాల్సింది, మాయం అవ్వడం వేరు, డిలీట్ అవ్వడం వేరు. ఫార్మాట్ చేశాకో, మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాకో ఖాళీగా కనిపిస్తే థండర్‌బర్డ్ కొత్త ప్రొఫైల్ (మీ మెయిళ్ళు, బుక్కులు, సెట్టింగులు ఉండే ఫోల్డర్) తెరిచి ఉండొచ్చు, పాత మెయిళ్ళు కూడా లేకపోతే కచ్చితంగా అదే అనుకోండి. హెల్ప్‌లో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్‌కి వెళ్తే అక్కడ అబౌట్ ప్రొఫైల్స్ అని లింకు ఉంటుంది, ఒకటి కంటే ఎక్కువ ప్రొఫైళ్ళు కనిపిస్తే పాతదాన్ని డిఫాల్ట్‌గా పెట్టి మూసి తెరవండి.

మెయిళ్ళు ఉన్నాయి, అడ్రస్ బుక్ మాత్రం ఖాళీ లేదా తెరుచుకోవట్లేదు అంటే అదే పేజీలో ప్రొఫైల్ ఫోల్డర్ పక్కన ఓపెన్ ఫోల్డర్ కొట్టి, ఫోల్డర్ తెరుచుకున్నాక థండర్‌బర్డ్‌ని పూర్తిగా మూసేయండి, ఇది మర్చిపోవద్దు. పర్సనల్ బుక్ ఫైలు పేరు ఎబుక్ డాట్ ఎస్‌క్యూలైట్ (ఎ, బి, డబుల్ ఓ, కె), కలెక్టెడ్‌ది హిస్టరీ డాట్ ఎస్‌క్యూలైట్. 2020లో వచ్చిన 78 వెర్షన్ నుంచి ఈ ఎస్‌క్యూలైట్, అంతకుముందు చివర మ్యాబ్ అని ఉండేది, ఎం ఎ బి. ఆ ఫైలుని కాపీ చేసి డెస్క్‌టాప్ మీద దాచి, ఫోల్డర్‌లో ఉన్నదాని పేరు మార్చేయండి, మళ్ళీ తెరిస్తే థండర్‌బర్డ్ ఖాళీ బుక్ కొత్తది చేసుకుంటుంది. ఇప్పుడు టూల్స్‌లో ఇంపోర్ట్‌కి వెళ్ళి అడ్రస్ బుక్ ఫైల్ నుంచి అని, దాచిన ఎస్‌క్యూలైట్ ఫైల్ చూపించండి, పాత మ్యాబ్ ఫైల్ అయినా తీసుకుంటుంది. ఫైలు సైజు సున్నా ఉందంటే మాత్రం అందులో ఏమీ లేదు, బ్యాకప్ ఉంటే అదే దిక్కు.

ఇదేదీ కాకుండా బుక్కులో మనుషులు కనిపిస్తున్నారు, టు దగ్గర మాత్రం లిస్టు రావట్లేదు అంటే హెల్ప్‌లో ట్రబుల్‌షూట్ మోడ్‌లో తెరిచి చూడండి, అక్కడ వస్తే ఏదో యాడ్ఆన్ (థండర్‌బర్డ్‌కి అదనంగా తగిలించుకున్న చిన్న ప్రోగ్రామ్) అడ్డుపడుతోందన్నమాట. కార్డ్‌బుక్ లాంటి యాడ్ఆన్ వేసుకున్నవాళ్ళు ముందు దాన్నే అనుమానించండి, దానికి సొంత బుక్కులు, సొంత సెట్టింగులు ఉంటాయి.

ఎక్సెల్ షీట్‌లోంచి కాంటాక్టులు ఎక్కించేవాళ్ళు, అంటే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీలు, పాత విద్యార్థుల సంఘాలవాళ్ళు, సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలు) ఎంచుకోకండి, అందులో తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలై పోతాయి, ఆ తర్వాత వాటిని వెనక్కి తేవడం కుదరదు, సీఎస్‌వీ యూటీఎఫ్ 8 అని వేరేగా ఉంటుంది అది ఎంచుకోవాలి. ఫోన్ నంబర్ల కాలమ్‌ని కూడా ముందే టెక్స్ట్ ఫార్మాట్‌లోకి మార్చుకోండి, 91తో కలిపి 12 అంకెలు కొడితే ఎక్సెల్ దాన్ని మధ్యలో ఇ ఉన్న పొట్టి లెక్కగా చూపించి, సీఎస్‌వీలోకి కూడా అలాగే రాసేస్తుంది. ఇంపోర్ట్‌లో మొదటి వరుస హెడింగులని టిక్ పెట్టి, ఏ కాలమ్ ఏ గడిలోకి పోతోందో ఒక్కొక్కటీ చూసుకోండి, ప్రైమరీ ఈమెయిల్ దగ్గర పొరపాటున ఫోన్ నంబరు కాలమ్ పడితే బుక్ నిండా మనుషులు కనిపిస్తారు కానీ ఎవరికీ మెయిల్ పోదు. నేరుగా పర్సనల్ బుక్కులోకి ఎక్కించకుండా కొత్త బుక్ ఒకటి చేసి అందులోకి ఎక్కించండి, తేడా వస్తే ఆ బుక్కు మొత్తం తీసిపారేసి మళ్ళీ మొదలుపెట్టొచ్చు, పాతవాటికి ఏమీ కాదు.