అతికించే ముందే లోపల నలుపు
స్టార్ ట్రెక్‌లోని ఎంటర్‌ప్రైజ్ ఓడ 1/350 స్కేల్ (అసలులో 350వ వంతు) మోడల్ లాంటి పెద్ద ప్లాస్టిక్ స్పేస్‌షిప్ కిట్‌లో లైట్లు పెడుతుంటే, అతికించకముందే ప్రతి భాగం లోపలి వైపు నలుపు రంగు స్ప్రే చేయండి. అది ఆరాక పైన తెలుపు. నలుపు వెలుతురును ప్లాస్టిక్‌లోంచి బయటికి పోనివ్వదు, తెలుపు కిటికీల వైపు మళ్లిస్తుంది. నా మొదటి మోడల్‌కి ఇది చేయలేదు. స్విచ్ వేస్తే గోడలన్నీ మసకగా వెలిగాయి, అంత కష్టపడి పెట్టిన కిటికీలు కనిపించనే లేదు. ఎంత బాధేసిందో!

తర్వాత రెండు సగాలనూ టేపుతో బిగించి, లోపల ఎల్‌ఈడీ వెలిగించి చీకటి గదిలో చూడండి. అతుకు దగ్గర సన్నని వెలుగు గీత కనిపిస్తే లోపలి నుంచి మళ్లీ నలుపు పూయండి. 12 వోల్టుల అడాప్టర్‌కి మూడు వోల్టుల తెల్ల ఎల్‌ఈడీలు మూడు ఒకదాని తర్వాత ఒకటిగా (సిరీస్‌లో) కలిపితే, కరెంటును అదుపు చేయడానికి 150 ఓమ్‌ల రెసిస్టర్ సరిపోతుంది. రెండు గంటలు వెలిగించి చూశాకే అతికించండి.