ఆకులే తప్ప పూత లేని ఫెలనాప్సిస్‌ను మళ్లీ పూయించిన పద్ధతి

ఆకులు దళసరిగా, వేర్లు గట్టిగా ఉన్నా ఫెలనాప్సిస్ ఆర్కిడ్ పూయడం లేదంటే ఎరువు పెంచకండి. లోపం చాలావరకు వెలుతురులోనో, రాత్రి చల్లదనంలోనో ఉంటుంది. ముదురాకుపచ్చ ఆకులు చూడ్డానికి బాగుంటాయి గానీ, వెలుతురు చాలడం లేదనడానికి అదే గుర్తు. తూర్పు కిటికీ దగ్గర పెడితే కొత్త ఆకులు లేతాకుపచ్చగా వస్తాయి. మధ్యాహ్నపు ఎండ మాత్రం తగలకూడదు, ఆకు మాడుతుంది.

అసలు కిటుకు చలి. రాత్రింబవళ్లు 28 డిగ్రీలు దాటి ఉంటే మొక్క ఆకులే వేస్తుంది, పూకాడ వేయదు. రాత్రిళ్లు 16–18 డిగ్రీల చల్లదనం మూడు నాలుగు వారాలు తగలాలి. హైదరాబాద్‌లోనైతే నవంబర్ నెలాఖరు నుంచి నీడపట్టు బాల్కనీ చాలు. 13 కన్నా దిగే రాత్రుల్లో లోపలికి తెచ్చేయాలి.

పాత కాడ పచ్చగా ఉంటే కింది నుంచి రెండో కణుపుకు సెంటీమీటరు పైన కోయాలి, ఎండితే మొదలంటా తీసేయాలి. మొక్క చిన్నదైతే పచ్చి కాడ కూడా ఉంచకపోవడమే మేలు. 20-20-20 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండేది) నాలుగు లీటర్ల నీళ్లకు పావు టీస్పూను కలిపి, వారానికోసారి, మామూలు నీళ్లతో తడిపాకే పోయాలి. పొడి వేర్ల మీద పడితే కొనలు నల్లబడతాయి.

కొత్త మొలక కొన గుండ్రంగా, నున్నగా ఉంటే అది వేరు. కాస్త చదునుగా, ఒక పక్క చీలినట్టుంటే కాడే. అక్కణ్నుంచి పూవుకు రెండు మూడు నెలలు. ఈలోగా కుండీ తిప్పితే కాడ వంకర్లు పోతుంది. పక్కన మగ్గే అరటిపళ్లుంటే వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు మొగ్గలు పసుపెక్కి రాలతాయి.